బంగారు చుక్క కింద మొలిచిన తీగ
ఎలక్ట్రాన్ కథ – తొమ్మిదో భాగం

క్రితం భాగం లెనిన్‌గ్రాడ్‌లో ఒక కొలిమి దగ్గర మొదలై స్టాక్‌హోమ్‌లో ఆగింది. 1981లో అలెక్సీ ఎకిమోవ్ రాగి క్లోరైడ్ కలిపిన గాజును వేర్వేరు వేడిమిలో, వేర్వేరు సేపు కాల్చి చూశారు. గాజు లోపల పెరిగిన స్ఫటికాల సైజు మారితే ఆ గాజు పీల్చుకునే కాంతి కూడా మారుతోందని తేలింది. రెండేళ్లకు అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో లూయీ బ్రూస్ ద్రవంలో తేలాడే కాడ్మియం సల్ఫైడ్ రేణువుల్లో అదే సంగతి గమనించారు. ఇనుప తెర అవతల ఎకిమోవ్ చేసిన పని ఆయన చెవిన పడలేదు. 1993లో ఎంఐటీలో మౌంగీ బవెండి బృందం, బాగా వేడెక్కిన ద్రవంలోకి రసాయనాలను ఒక్క ఉదుటున చిమ్మి, దాదాపు ఒకే సైజు రేణువులను తీసే ఉపాయం కనిపెట్టింది. ముగ్గురికీ కలిపి 2023 అక్టోబరు 4న రసాయన శాస్త్ర నోబెల్ ప్రకటించారు. ప్రకటనకు కొన్ని గంటల ముందే పేర్లు స్వీడన్ పత్రికలకు పొక్కిపోయి అకాడమీ పెద్దలు తలలు పట్టుకోవడం ఆ రోజు జరిగిన తమాషా.

చేర్యాలలో కూర్చుని ఈ మాటలు రాస్తూ నకాషీ పటం ఊసెత్తకుండా ఉండడం నావల్ల కాదు. చింతగింజల అంబలి, సుద్ద పట్టించిన ఖద్దరు గుడ్డ మీద మన నకాషీలు కథ గీసేటప్పుడు తెలుపుకు గవ్వల పొడి, నలుపుకు దీపం మసి, ఎరుపుకు ఇంగిలీకం, నీలానికి నీలిమందు వాడుతూ వచ్చారు. రంగు మారాలంటే సరుకు మారాలి. నోబెల్ తెచ్చిన ఆ చిన్న రేణువుకు, అంటే క్వాంటమ్ డాట్ అనే చుక్కకు, ఆ బాధ లేదు. ఒకే కాడ్మియం సెలినైడ్‌ను రెండు నానోమీటర్ల రేణువుగా చేస్తే నీలంగా వెలుగుతుంది, ఆరు నానోమీటర్లకు పెంచితే ఎర్రబడుతుంది. లోపలి ఎలక్ట్రాన్‌కు తిరగడానికి ఎంత చోటిచ్చామన్నదే తేడా. చోటు ఇరుకైన కొద్దీ దాని శక్తి మెట్లు ఎత్తుగా, ఎడంగా అవుతాయి.

అంతవరకు బాగుంది. కానీ ఎకిమోవ్ చుక్కలు గాజులో ఇరుక్కున్నాయి, బవెండి చుక్కలు ద్రవంలో ఈదుతున్నాయి. వాటి మీద వెలుగు వేసి, వచ్చే వెలుగు చూడవచ్చు. కరెంటు పంపాలంటే మాత్రం చిక్కే. ఒక్క ఎలక్ట్రాన్‌ను లోపలికి తోసి, అది ఎప్పుడు దిగింది, ఎప్పుడు లేచింది అని లెక్క పెట్టాలంటే చుక్కకు రెండు వైపులా తీగ కావాలి. ఈ భాగం ఆ తీగ గురించి.

చుక్కకు తీగ తగిలించాలన్న కోరిక రసాయనవేత్తలకన్నా ముందు భౌతికశాస్త్రజ్ఞులకు పుట్టింది. వాళ్లు చుక్కను పెంచలేదు, చెక్కారు. 1987లో బెల్ ల్యాబ్స్‌లో ఫుల్టన్, డోలన్ అనే ఇద్దరు అతి చిన్న అల్యూమినియం ద్వీపం ఒకటి తయారు చేసి, దాని గుండా ఎలక్ట్రాన్లు ఒకటొకటిగా మాత్రమే వెళ్తున్నాయని చూపించారు. సూత్రం తేలికే. ద్వీపం ఎంత చిన్నదైతే దాని మీదికి ఒక ఎలక్ట్రాన్‌ను ఎక్కించడానికి అంత శక్తి కావాలి. ఎక్కిన ఎలక్ట్రాన్ రెండోదాన్ని రానివ్వదు, రెండూ ఒకే ఆవేశం కాబట్టి నెట్టేస్తుంది. పక్కనున్న గేటు అనే ఎలక్ట్రోడ్ మీద వోల్టేజీ కొద్దికొద్దిగా పెంచుతూ పోతే, ఒక ఘడియ వచ్చినప్పుడు రెండోదానికి దారి దొరుకుతుంది. కరెంటు గీతలో అప్పుడొక శిఖరం లేస్తుంది, మళ్లీ సున్నాకు పడుతుంది. మళ్లీ శిఖరం, మళ్లీ సున్నా. కూలుంబ్ దిగ్బంధం అంటారు దీన్ని.

1988లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో మార్క్ రీడ్ బృందం సెమీకండక్టర్ పొరలను సన్నని స్తంభాలుగా చెక్కి, వాటిలో ఎలక్ట్రాన్ శక్తి మెట్లు విడివిడిగా ఉన్నాయని కొలిచింది. 1996లో జపాన్ ఎన్‌టీటీ ప్రయోగశాలలో సీగో తరూచా, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ వాళ్లతో కలిసి ఇంకో అడుగు వేశారు. బిళ్లలా గుండ్రంగా చెక్కిన చుక్కలోకి ఎలక్ట్రాన్లను ఒకటొకటిగా పంపితే 2, 6, 12 దగ్గర తర్వాతి దానికి దారి బాగా కష్టమైంది. స్కూల్లో ఆవర్తన పట్టిక చదివినవారికి ఇది అర్థమవుతుంది. హీలియం, నియాన్‌లాంటి వాయువుల్లో కక్ష్యలు నిండినప్పుడు జరిగేది ఇదే. మనిషి చేతిలో తయారైన చుక్క అణువుకున్న అలవాట్లే చూపింది. కేంద్రకం మాత్రం లేదు.

అయితే చెక్కడానికి ఒక హద్దుంది. చెక్కిన అంచు గాయమే. అక్కడ తెగిన బంధాలు ఎలక్ట్రాన్‌ను పట్టి కూర్చోబెడతాయి. చుక్క చిన్నదయ్యే కొద్దీ అంచు వాటా పెరుగుతుంది. అందుకే కొందరి చూపు పాతికేళ్ల కిందటి ఒక వ్యాసం వైపు మళ్లింది.

ఇక్కడ కథ కాస్త వెనక్కి పోవాలి, టెలిఫోన్ కంపెనీ బాధల్లోకి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కాడ్మియం పూత పూసిన రేడియో భాగాలు కారణం లేకుండా షార్టయ్యేవి. విప్పి చూస్తే పూత మీద వెంట్రుకల్లాంటి లోహపు మీసాలు మొలిచి పక్క పలకను తాకుతున్నాయి. టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాలైన బెల్ ల్యాబ్స్ ఆ మీసాల వెంట పడింది. మొదట్లో వాటిని వదిలించుకోవడమే పని. మెల్లగా కొందరికి అసలు మీసం ఎలా మొలుస్తుందన్న కుతూహలం పట్టుకుంది.

1964లో అక్కడే పనిచేస్తున్న వాగ్నర్, ఎల్లిస్ సిలికాన్ పలక మీద చిన్న బంగారు ముక్కలు పెట్టి కొలిమిలో వేశారు. సిలికాన్ క్లోరైడ్ ఆవిరి, హైడ్రోజన్ వదిలారు. బంగారం విడిగా కరగాలంటే 1064 డిగ్రీలు కావాలి, సిలికాన్‌కు 1414. రెండూ కలిస్తే మాత్రం 363 డిగ్రీలకే ద్రవమవుతాయి. అంటే కొలిమిలో బంగారు ముక్క చుట్టూ ఉన్న సిలికాన్‌ను కొంత తాగి బొట్టుగా మారింది. ఆవిరిలోంచి వచ్చే సిలికాన్ ఆ బొట్టులోకి ఇంకింది, ఇంకి ఇంకి పట్టనంతయింది. పట్టనిది బొట్టు అడుగున స్ఫటికమై పేరుకుంది. పేరుకున్న కొద్దీ బొట్టు పైకి లేచింది, దాని కింద తీగ నిలువునా పెరిగింది. చల్లార్చి చూస్తే ప్రతి తీగ తల మీదా ఒక బంగారు గుండు. ఆవిరి, ద్రవం, ఘనం మూడూ ఒకే చోట చేయి కలిపే ఈ పద్ధతిలో తీగ లావును నిర్ణయించేది బొట్టు సైజే. చిన్న బొట్టు, సన్న తీగ.

తొంభైల మొదట్లో హిటాచీ కేంద్ర పరిశోధనశాలలో హిరుమా బృందం ఈ పద్ధతిని గ్యాలియం ఆర్సెనైడ్‌కు, ఇండియం ఆర్సెనైడ్‌కు పట్టించింది. 1992 నాటికే ఒకే తీగలో పీ, ఎన్ భాగాలు (ఒకదానిలో ఎలక్ట్రాన్ల కొరత, ఇంకోదానిలో మిగులు) చేసి వెలిగించారు. తర్వాత ఒకే తీగలో ఒక సెమీకండక్టర్ మీద ఇంకోదాన్ని పెంచారు. ఇవాళ ఏ నానోతీగ పుస్తకం తెరిచినా వీళ్ల పేరు మొదటి పేజీల్లోనే ఉంటుంది. అప్పట్లో మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కార్బన్ నానోట్యూబుల మోజు నడుస్తున్న కాలం అది. చూసే కళ్లన్నీ అటే ఉన్నాయి.

పదేళ్లు తిరక్కుండా రంగం మారిపోయింది. హార్వర్డ్‌లో చార్లెస్ లీబర్ 1998లో లేజరుతో ఆవిరి పుట్టించి సిలికాన్ తీగలు పెంచి తలుపు తెరిచారు. ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేసిన పెయ్‌డాంగ్ యాంగ్ బర్క్‌లీలో సొంత కుంపటి పెట్టారు. స్వీడన్‌లోని లుండ్‌లో లార్స్ సామ్యుయెల్సన్ 1988 నుంచి నానోమీటరు నిర్మాణాల మీద ఒక కూటమి నడుపుతున్నారు. ముగ్గురూ ఒకే ఊహ వెంట పడ్డారు. తీగ పెరుగుతుండగా మధ్యలో వాయువు మార్చేస్తే ఏమవుతుంది? బొట్టు కింద కొత్త పదార్థం పేరుకుంటుంది. మళ్లీ పాత వాయువు వదిలితే మళ్లీ పాత పదార్థం. పొడవునా చూస్తే చెరుకు గడలో కణుపుల్లా పొరలు రావాలి.

2002 ఫిబ్రవరిలో మూడు వ్యాసాలూ ఒకే నెలలో వెలువడ్డాయి. లీబర్ బృందం గ్యాలియం ఆర్సెనైడ్, గ్యాలియం ఫాస్ఫైడ్ పొరల తీగను నేచర్ పత్రికలో ప్రకటించింది. యాంగ్‌ది సిలికాన్, సిలికాన్-జెర్మేనియం తీగ. లుండ్ వాళ్లది ఇండియం ఆర్సెనైడ్ తీగలో ఇండియం ఫాస్ఫైడ్ గోడలు. ఎలక్ట్రాన్లకు అడ్డంకుల పరుగుపందెం పెట్టామన్నట్టు దానికి చమత్కారంగా పేరు పెట్టుకున్నారు. గురువు, శిష్యుడు, వాళ్లతో సంబంధం లేని ఇంకో ఖండం ఒకే గీత దగ్గరికి ఒకేసారి చేరారు. ఎవరు ముందు అన్న వాదన ఇప్పటికీ సమావేశాల్లో కాఫీ దగ్గర వినిపిస్తుంటుంది. లీబర్ జీవితం ఆ తర్వాత పట్టిన దారి వేరు. చైనాతో ఉన్న సంబంధాల గురించి ప్రభుత్వానికి అబద్ధం చెప్పారని 2021 డిసెంబరులో బోస్టన్ జ్యూరీ ఆయన్ను దోషిగా తేల్చింది. అది మరో వ్యాసానికి సరిపడా కథ.

నా దృష్టిలో ముగ్గురిలో ఎలక్ట్రాన్ కథను ఎక్కువ దూరం తీసుకుపోయింది లుండ్ వాళ్లే. కారణం వాళ్లు ఎంచుకున్న పదార్థం.

ఇండియం ఆర్సెనైడ్‌లో ఎలక్ట్రాన్ చాలా తేలిక. ఖాళీలో దానికుండే బరువులో నలభయ్యో వంతుకన్నా తక్కువ బరువున్నట్టు కదులుతుంది. తేలికైన ఎలక్ట్రాన్ ఇరుకును త్వరగా గుర్తిస్తుంది. బరువైనదానికి చోటు బాగా తగ్గిస్తే గానీ మెట్లు విడిపోవు, దీనికి పదుల నానోమీటర్ల పెట్టె చాలు. ఇంకో సుళువు, ఇండియం ఆర్సెనైడ్ పైపొరలో ఎలక్ట్రాన్లు తమంతట తామే గుమిగూడతాయి కాబట్టి దానికి లోహపు తీగ తగిలిస్తే కరెంటు నిరాటంకంగా దిగుతుంది. గోడగా వాడిన ఇండియం ఫాస్ఫైడ్ బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ విడుదలై కదలడానికి దాటాల్సిన శక్తి ఎడం) దాదాపు 1.34 ఎలక్ట్రాన్ వోల్టులు, ఆర్సెనైడ్‌ది 0.36 దగ్గర. ఆ తేడాలో పెద్ద వాటా ఎలక్ట్రాన్‌కు గోడ ఎత్తవుతుంది.

ఈ రెండింటి స్ఫటికాల్లో అణువుల ఎడం సమానం కాదు, మూడు శాతం పైన తేడా. వెడల్పాటి పలక మీద ఒకదానిపై ఒకటి పెంచితే కాసేపటికి ఒత్తిడి తట్టుకోలేక లోపల పగుళ్లలాంటి లోపాలు పుడతాయి. తీగలో ఆ ఇబ్బంది తక్కువ. పక్కలు ఖాళీయే కాబట్టి స్ఫటికం పక్కకు కొద్దిగా ఉబ్బి ఒత్తిడి దించుకుంటుంది. పలక మీద కుదరని కాపురం తీగలో కుదిరింది. నానోతీగలు ఎందుకంటే నాకు దొరికిన అన్నిటికన్నా గట్టి జవాబు ఇది. సన్నగా ఉండటం వల్ల వచ్చిన లాభాల్లో ఇదే అసలుది.

2004లో లుండ్ బృందం రెండు ఫాస్ఫైడ్ గోడల మధ్య చిక్కిన ఆర్సెనైడ్ ముక్కలో ఎలక్ట్రాన్లను లెక్కపెట్టింది. ముక్క పొడవు మార్చి, కావాలంటే మామూలు ఒంటి ఎలక్ట్రాన్ ట్రాన్సిస్టరుగా, కావాలంటే ఖాళీ పెట్టెగా చేయగలిగారు. చిన్న పెట్టెలో గేటు వోల్టేజీ తగ్గిస్తూ పోతే చివరికి లోపల సున్నా మిగిలింది. అక్కణ్ణించి పెంచుతూ ఒకటి, రెండు, మూడు అని ఎక్కించారు. ఒక మెట్టు మీద ఎదురెదురు స్పిన్‌లున్న ఇద్దరికే చోటు. కాబట్టి మూడోదానికి పైమెట్టు ఎక్కే అదనపు ఖర్చు పడుతుంది. ఆ ఖర్చు కరెంటు శిఖరాల మధ్య ఎడంగా కంటికి కనిపించింది.

మరుసటి ఏడాది వచ్చిన ఫలితం ఇంకా విచిత్రమైనది. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ స్పిన్ ఎంతగా స్పందిస్తుందో చెప్పే సంఖ్య ఒకటుంది, జీ అంటారు. ఖాళీలో తిరిగే ఎలక్ట్రాన్‌కు అది 2. ఇండియం ఆర్సెనైడ్‌లో మైనస్ గుర్తు తీసేసి చూస్తే 15కు కాస్త తక్కువ. లుండ్ చుక్కల్లో పెద్దవాటిలో అది 13 వచ్చింది, అతి చిన్నవాటిలో 2.3కు పడిపోయింది. పదార్థం అదే, తీగ అదే. పెట్టె పొడవు తగ్గిస్తే ఎలక్ట్రాన్ తన అయస్కాంత స్వభావాన్నే మార్చుకుంది. ప్రకృతి ఇచ్చిన స్థిరాంకం అనుకున్నది ఇంజనీరు తిప్పుకునే మీటగా మారడం ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన మలుపు.

ఇంత సున్నితమైన కొలత వెనకున్న రోజువారీ పని మాత్రం చాలా మోటు. అడవిలా నిలబడి పెరిగిన తీగల పలక మీద దుమ్ములేని కాగితం కొసను మెల్లగా రాస్తారు. తీగలు విరిగి కాగితానికి అంటుకుంటాయి. ఆ కొసను చిప్ మీద అద్దుతారు. కొన్ని రాలతాయి, ఎక్కడ రాలతాయో దేవుడికెరుక. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద వెతికి, బాగున్న తీగ పడిన చోటు గుర్తు పెట్టుకుని, దాని రెండు కొసలకూ లోహపు కాళ్లు గీస్తారు. గీసినవాటిలో సగం పనిచేస్తే ఆ వారం పండగే. తర్వాత చిప్‌ను ద్రవ హీలియంలో దించాలి. గది వేడిమిలో ఎలక్ట్రాన్లకు 25 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల ఉరకలు ఉంటాయి, చుక్క మెట్ల తేడా మాత్రం కొన్ని మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులే. ఆ ఉరకల్లో మెట్లు కనపడవు. 4.2 కెల్విన్‌కు దించితే ఉరక 0.4 లోపుకు వస్తుంది, అప్పుడు ఒక్కో మెట్టూ తేటపడుతుంది. కొలతలు తరచూ రాత్రిళ్లు సాగుతాయి. పగలు భవనంలో లిఫ్టు కదిలినా గీత వణుకుతుంది. పీహెచ్‌డీ విద్యార్థుల పెళ్లిళ్లు వాయిదా పడటానికి ఈ శాస్త్రం చేసిన దోహదం మీద ఇంకా ఎవరూ వ్యాసం రాయలేదు.

కొలిచినవాళ్ల పేర్లు వ్యాసాల తలకట్టున వెలుగుతాయి. పెంచినవాళ్ల పేర్లు మధ్యలో ఎక్కడో ఉంటాయి. నిజానికి తీగ బాగుంటేనే కొలత. అలా తీగ పెంచేవాళ్ల వైపు నిలబడి పేరు తెచ్చుకున్నవాళ్లలో ఒక తెలుగాయన ఉన్నారు.

చెన్నుపాటి జగదీశ్ కృష్ణా జిల్లా వల్లూరుపాలెంలో పుట్టారు. ఏడో తరగతి దాకా కిరసనాయిలు దీపం వెలుగులోనే చదివారు. హైస్కూలు రోజుల్లో ఉపాధ్యాయుల ఇళ్లలో ఉండి చదువుకున్నారు. ఆ తరంలో మన పల్లెల నుంచి పైకి వచ్చిన చాలామంది వెనక ఇలాంటి బడిపంతులు ఇల్లు ఒకటి ఉంటుంది. తెనాలి వీఎస్సార్ కాలేజీలో బీఎస్సీ 1977లో పూర్తయింది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అనువర్తిత భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ టెక్, అది 1980లో. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సెమీకండక్టర్ల మీద పీహెచ్‌డీ 1986లో. మధ్యలో ఢిల్లీలోని శ్రీ వెంకటేశ్వర కళాశాలలో పాఠాలు చెప్పారు. తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే కళాశాల అది. వేంకటేశుడి హుండీ సొమ్ము గ్యాలియం ఆర్సెనైడ్‌కు ఏ దారిన చేరిందో చూడండి. 1988లో కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, 1990లో రెండేళ్ల ఒప్పందం మీద ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా చేరారు. అక్కడి జాతీయ విశ్వవిద్యాలయంలో సెమీకండక్టర్ కాంతి, నానో సాంకేతికతల బృందాన్ని కట్టారు. ఆ రెండేళ్లు మూడు దశాబ్దాలు దాటాయి.

మొదట్లో ఆయన పని పలుచని పొరల లేజర్ల మీద. అక్కణ్ణించి క్వాంటమ్ డాట్లకు, ఆపైన నానోతీగలకు వచ్చారు. లుండ్ వాళ్లు ఎంచుకున్న ఇండియం ఆర్సెనైడ్ కొలతలకు మచ్చికైనది. కాన్‌బెర్రా బృందం తలకెత్తుకున్న గ్యాలియం ఆర్సెనైడ్ మొండిది. సెల్‌ఫోన్లలో, రాడార్లలో, ఉపగ్రహాల సౌర పలకల్లో ఉండే పదార్థమే ఇది. మన హైదరాబాద్ విజ్ఞాన కంచలోని గాటెక్ కేంద్రం దానితోనే రక్షణ, అంతరిక్ష అవసరాలకు చిప్‌లు చేస్తుంది. వెలుగు ఇవ్వడంలో సిలికాన్ దీని ముందు నిలవదు. కానీ దీని పైపొర పాడు పైపొర. తీగగా సన్నబరిస్తే పైపొర తప్ప ఇంకేమీ మిగలనట్టు అవుతుంది. వెలుగు ఇవ్వాల్సిన ఎలక్ట్రాన్ ఎటు పోయినా అంచుకే చేరి, అక్కడి తెగిన బంధాల్లో పడి, వెలగకుండానే ఆరిపోతుంది.

పైగా తీగ నిటారుగా పెరగదు. వేడి తక్కువైతే మొలకెత్తేటప్పుడే వంకర తిరుగుతుంది. ఎక్కువైతే మొదలు లావెక్కి కొస సన్నబడి, లోపల పొరలు తలకిందులవుతాయి. 2007లో హన్నా జాయిస్, హో టాన్, జగదీశ్ తదితరులు దీనికి విరుగుడు చెప్పారు. మొలకెత్తే కాసేపు ఎక్కువ వేడి, అది నిలదొక్కుకున్నాక మిగతా పెరుగుదల అంతా తక్కువ వేడి. వరి నారుమడి వేసేవాడికి ఇది కొత్తగా అనిపించకపోవచ్చు గానీ, అంతవరకు ఆర్సెనైడ్ తీగలు పెంచేవాళ్లు ఒకే వేడి దగ్గర తిప్పలు పడుతున్నారు. కొత్త తీగలు నిటారుగా, ఒకే లావుగా, లోపల మలుపులు లేకుండా వచ్చాయి.

ఆ పని జరిగే గదిని మామూలు ప్రయోగశాల అనుకోకూడదు. గ్యాలియం ట్రైమిథైల్ గ్యాలియం ఆవిరిగా వస్తుంది, ఆర్సెనిక్ ఆర్సీన్ వాయువుగా. ఆర్సీన్ గాలిలో కొద్దిగా కలిసినా ప్రాణాంతకం. గ్యాసు సిలిండర్లకు వేరే బీరువాలు, గోడల మీద వాసన పట్టే పరికరాలు, అలారం మోగితే బయటికి పరుగు. లోపలి గదిలో తల నుంచి కాళ్ల దాకా తెల్ల దుస్తులు. పెంచేది కొన్ని నిమిషాలే. ముందూ వెనకా యంత్రాన్ని సిద్ధం చేయడం, శుభ్రం చేయడమే రోజంతా.

పైపొర జబ్బుకు మందు తీగ చుట్టూ ఇంకో చర్మం. గ్యాలియం ఆర్సెనైడ్ తీగకు అల్యూమినియం కలిపిన ఆర్సెనైడ్ తొడుగు, అది గాలికి తుప్పు పట్టకుండా మళ్లీ పలుచని ఆర్సెనైడ్ పూత. ఎలక్ట్రాన్ అంచుకు చేరకుండా లోపలే ఆగుతుంది. ఈ మూడు పొరల తీగతో 2013లో కాన్‌బెర్రా బృందం గది వేడిమిలో ఒక్క గ్యాలియం ఆర్సెనైడ్ నానోతీగను లేజరుగా వెలిగించింది. వెలుగుతో రెచ్చగొట్టి వెలిగించిన లేజరే గానీ, గది వేడిమిలో సాధించడమే గట్టి విషయం. తీగ రెండు కొసలే అద్దాలు, తీగే గది. రెండేళ్లకు టోక్యోలో యసుహికో అరకావా బృందం తీగ లోపల క్వాంటమ్ డాట్లను పేర్చి గది వేడిమిలో లేజరు చేసింది. క్వాంటమ్ డాట్ లేజరు సాధ్యమని 1982లో సకాకితో కలిసి రాసింది ఈ అరకావాయే. కాగితం మీది తన ఊహ ఇంకో రూపంలో తన గదిలోనే వెలగడానికి ముప్పయ్యేళ్లకు పైగా పట్టింది.

జగదీశ్‌కు ఆస్ట్రేలియా అత్యున్నత పౌర గౌరవం 2016లో, నానో శాస్త్రానికి యునెస్కో పతకం 2018లో, ప్రవాసీ భారతీయ సమ్మాన్ 2023లో వచ్చాయి. 2022లో ఆస్ట్రేలియా శాస్త్ర అకాడమీ అధ్యక్షులయ్యారు. ఈ జాబితా పత్రికల్లో వచ్చింది, మనవాళ్లు సన్మాన సభల్లోనూ చదివారు. సన్మాన పత్రాల్లో రాని సంగతి ఒకటుంది. ఆయన బృందం పెంచిన తీగలు ఆక్స్‌ఫర్డ్‌కు, సిన్సినాటికి వెళ్లాయి. ఆక్స్‌ఫర్డ్‌వాళ్లు వాటి మీద టెరాహెర్ట్జ్ తరంగాలు వేసి, లోపల ఎలక్ట్రాన్ ఎంతసేపు బతుకుతుందో, ఎంత చురుగ్గా కదులుతుందో తీగలు తగిలించకుండానే కొలిచారు. ఒక ఊళ్లో పంట, ఇంకో ఊళ్లో తూకం. నానోశాస్త్రం ప్రపంచంలో చాలాచోట్ల ఇలాగే నడుస్తుంది.

తీగ లోపలి లోపాల కథ ఇంకొకటి మిగిలింది. ఆర్సెనైడ్, ఫాస్ఫైడ్ తీగల్లో అణువుల పొరలు రెండు రకాల వరసలో పేర్చుకోగలవు. పెరుగుతూ పెరుగుతూ ఒక వరస నుంచి ఇంకో వరసకు జారుతుంటాయి. ఏళ్ల తరబడి పెంచేవాళ్లందరూ దీన్ని జబ్బుగా చూసి తిట్టుకున్నారు. రెండు వరసల బ్యాండ్ గ్యాప్ కొద్దిగా తేడా కాబట్టి ఎలక్ట్రాన్‌కు ప్రతి మార్పూ ఒక గుంతో గోడో అవుతుంది. 2010లో డెల్ఫ్ట్‌లో అకోపియన్, జ్విల్లర్ వాళ్లు దాన్ని తిరగేశారు. ఇండియం ఫాస్ఫైడ్ తీగలో వరస మారిన చోటే ఎలక్ట్రాన్ చిక్కి, ఒక్కొక్క ఫోటాన్ వెలువరిస్తోందని చూపారు. అక్కడ రెండో పదార్థమే లేదు. ఒకే పదార్థం, ఒకే తీగ. పేర్చిన వరస మారిందంతే, చుక్క తయారైంది. పెద్దలు తప్పు అని పక్కన పడేసిన దాన్ని కుర్రవాళ్లు పరికరంగా వాడటం ఈ రంగంలో మామూలైపోయింది. లోహపు మీసాలు కూడా మొదట తప్పే కదా.

అదే 2010లో, అదే డెల్ఫ్ట్‌లో, లియో కౌవెన్‌హోవెన్ గదిలో ఇండియం ఆర్సెనైడ్ తీగలో పక్కపక్కన రెండు చుక్కలు చేసి, ఒక్క ఎలక్ట్రాన్ స్పిన్‌ను విద్యుత్ క్షేత్రంతోనే అటూ ఇటూ తిప్పారు. స్పిన్ ఒక్కొక్కటి క్వాంటమ్ కంప్యూటరుకు ఒక్కో క్యూబిట్ (క్వాంటమ్ బిట్) కావచ్చని 1998లో లాస్, డివిన్‌చెంజో రాసిన ఊహకు తీగ రూపం అది. కౌవెన్‌హోవెన్ అక్కడితో ఆగలేదు. 1937లో ఎట్టోరే మయోరానా ఊహించిన, తానే తన ప్రతికణమైన వింత కణం జాడ ఐండ్‌హోవెన్‌లో ఎరిక్ బకర్స్ పెంచిన ఇండియం యాంటిమొనైడ్ తీగల్లో దొరికిందని 2012లో ప్రకటించారు. ప్రపంచం ఊగిపోయింది. మైక్రోసాఫ్ట్ సొమ్ము కుమ్మరించింది. 2018లో మరింత గట్టి రుజువంటూ నేచర్‌లో ఇంకో వ్యాసం వచ్చింది. 2021 మార్చిలో ఆ వ్యాసాన్ని రచయితలే వెనక్కి తీసుకున్నారు.

ఆ తొమ్మిదేళ్లలో ఏం జరిగింది, గీతల్లో ఏ భాగం వదిలేశారు, అడగకూడని ప్రశ్న ఎవరు అడిగారు అన్నది వచ్చే భాగంలో. 2023 ఏప్రిల్‌లో మన కేంద్ర ప్రభుత్వం 6,003 కోట్ల రూపాయల పైచిలుకుతో ఆమోదించిన జాతీయ క్వాంటమ్ మిషన్‌ను, అమరావతికి తెస్తామని ఐబీఎం 2025లో ప్రకటించిన 156 క్యూబిట్ల యంత్రాన్ని కూడా అందులో కలుపుకుందాం. ఆ యంత్రం సూపర్ కండక్టర్ల దారిది. మన బంగారు బొట్టు కింది తీగ దారి దానికి పోటీయా, తోడా అన్న లెక్క అక్కడ తేల్చుకోవాలి.